డిసెంబర్‌లో ప్రాగ్: చుట్టుపక్కల ఊళ్లకి పొద్దున వెళ్లి రాత్రికి రావాలి. నా ప్లాన్ చూసి చెప్పండి

పెన్నా తీరం | అక్టోబర్ 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం నెదర్లాండ్స్‌లో ఉంటాం. అమ్మానాన్న నెల్లూరు నుంచి మూడు నెలలకి వచ్చారు. క్రిస్మస్ సెలవులకి ప్రాగ్ తీసుకెళ్దామని టికెట్లు కొనేశాను. నాన్నకి 68, అమ్మకి 63, మోకాళ్ల నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పాపకి ఆరేళ్లు, దానికి మంచు కావాలి, ఇంకేం అక్కర్లేదు. హోటల్ ప్రాగ్‌లోనే. అక్కడి నుంచి రోజుకో ఊరు వెళ్లి రావాలని ప్లాన్:

21 శనివారం: ప్రాగ్ చేరడం
22 ఆదివారం: చెస్కీ క్రుమ్లోవ్
23 సోమవారం: కార్ల్‌ష్టెయిన్ కోట
24 మంగళవారం: కుత్నా హోరా, ఎముకల చర్చి
25 బుధవారం: తెరెజీన్
26 గురువారం: డ్రెస్డెన్ క్రిస్మస్ మార్కెట్
27 శుక్రవారం: కార్లోవీ వారీ, వేడినీటి బుగ్గల ఊరు
28: తిరుగు ప్రయాణం

ఏమైనా మార్చాలా?

ప్రాహా పాతకాపు | అక్టోబర్ 6, రాత్రి 10:25

పెన్నా గారూ, తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. ఇంత పద్ధతిగా తప్పిన ప్లాన్ ఈమధ్య చూడలేదు. కోప్పడకండి, వరసగా చెప్తాను.

23 సోమవారం. కార్ల్‌ష్టెయిన్‌కి సోమవారం సెలవు. 24న ఎముకల చర్చి మూసేస్తారు. ఏడాదిలో మూసేది ఆ ఒక్క రోజే, మీరు సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. తెరెజీన్ స్మారకం 24, 25, 26 మూడు రోజులూ ఉండదు. డ్రెస్డెన్ పెద్ద మార్కెట్ 24తో అయిపోతుంది, 26న వెళ్తే కొట్లు విప్పుతున్న కూలీలు కనిపిస్తారు. చెస్కీ క్రుమ్లోవ్ కోట లోపలి గదుల టూర్లు చలికాలంలో ఆపేస్తారు, పైగా బస్సులో వెళ్లడానికి దాదాపు మూడు గంటలు, రావడానికి మూడు. ఇక మిగిలింది కార్లోవీ వారీ ఒక్కటే. అది బాగుంది.

ఇంకో మాట. ఈ లిస్టులో ప్రాగ్ ఎక్కడండీ?

పెన్నా తీరం | అక్టోబర్ 6, రాత్రి 10:41

😳 మా ఆవిడ వెనకాల నిలబడి చదివి నవ్వుతోంది. ప్రాగ్ సాయంత్రాలు చూద్దాం అనుకున్నాను, ఐదింటికల్లా తిరిగొచ్చి...

ప్రాహా పాతకాపు | అక్టోబర్ 6, రాత్రి 11:02

అసలు చిక్కు అక్కడే. డిసెంబర్ చివర్లో ఇక్కడ ఎనిమిదింటికి తెల్లారుతుంది, నాలుగింటికి చీకటి పడుతుంది. మధ్యలో ఉన్న ఎనిమిది గంటలు కూడా మబ్బుగానే ఉంటాయి. ఆరు గంటలు బస్సులో కూర్చుంటే మిగిలే వెలుతురు రెండు గంటలు. ఆరింటికే లేచి బయల్దేరతామంటారా, అమ్మగారిని చీకట్లో, సున్నా డిగ్రీల్లో, తడి రాళ్ల మీద నడిపించాలి. ఎండాకాలం బ్లాగులు చూసి వేసిన ప్లాన్లు చలికాలంలో పనికిరావు.

నా లెక్క: ఆరు రోజుల్లో బయటి ఊళ్లు మూడు చాలు. ఒక్కోటీ రెండుంబావు గంటల లోపు ప్రయాణం ఉండాలి. ఒక రోజు బయటికి వెళ్తే మర్నాడు ప్రాగ్‌లోనే ఆలస్యంగా లేవండి.

బెల్లం జిలేబి | అక్టోబర్ 7, ఉదయం 7:15

మేం రెండేళ్ల కిందట అత్తామామలతో ఇలాగే వెళ్లాం. చలి సంగతి నన్ను అడగండి. పెద్దవాళ్లకి జెర్కిన్ ఒక్కటి లావుగా కొంటే సరిపోదు. లోపల థర్మల్స్, పైన పల్చటి స్వెట్టర్, దాని పైన గాలి దూరనిది. ఎందుకంటే రైళ్లలో హీటర్ మంటెక్కిపోతుంది, అప్పుడు ఒక్కొక్కటీ తియ్యాలి కదా. మామయ్యగారు మొదటి రోజు మంకీ క్యాప్ పెట్టుకోడానికి మొహమాటపడ్డారు. రెండో రోజు రైల్లో కూడా తీయలేదు.

బూట్ల కింద తగిలించుకునే ముళ్ల రబ్బరు పట్టీలు దొరుకుతాయి, పెద్దవాళ్లిద్దరికీ కొనండి. మంచు కురిసినప్పుడు జారదు, అది కరిగి రాత్రికి మళ్లీ గడ్డకట్టిందే అసలు ప్రమాదం. చిల్లర కూడా ఉంచుకోండి. చాలా స్టేషన్లలో టాయిలెట్‌కి డబ్బులు తీసుకుంటారు. మోకాళ్ల నొప్పి, చలి, చిల్లర లేకపోవడం, మూడూ ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో మా అత్తగారు ఇప్పటికీ చెప్తారు.

ఓరుగల్లు బాటసారి | అక్టోబర్ 7, ఉదయం 11:30

పాతకాపు అన్నా, చెస్కీ క్రుమ్లోవ్‌ని అలా కొట్టిపారేయడం అన్యాయం. నేను జనవరిలో ఒక్కడినే వెళ్లాను. ఎండాకాలంలో టూరిస్టు బస్సులతో కిక్కిరిసే ఊరు, అప్పుడు వీధిలో నా అడుగుల చప్పుడు నాకే వినిపించింది. వల్తావా నది ఊరిని చుట్టి మెలిక తిరుగుతుంది, మంచు పడితే ఎర్ర పెంకుల ఇళ్లన్నీ తెల్లబడతాయి. గదుల టూరు ఎవడిక్కావాలి?

ప్రాహా పాతకాపు | అక్టోబర్ 7, మధ్యాహ్నం 12:10

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే. నువ్వు అక్కడ రాత్రి ఉన్నావా, అదే రోజు తిరిగొచ్చావా?

ఓరుగల్లు బాటసారి | అక్టోబర్ 7, మధ్యాహ్నం 12:14

...రెండు రాత్రులు ఉన్నాను.

ప్రాహా పాతకాపు | అక్టోబర్ 7, మధ్యాహ్నం 12:15

సరే మరి 🙂 అది ఉండాల్సిన ఊరు, చూసి పరిగెత్తే ఊరు కాదు.

డ్రెస్డెన్ దారి | అక్టోబర్ 7, సాయంత్రం 6:50

డ్రెస్డెన్ నుంచి రాస్తున్నాను, సొంతూరు గుంటూరు. మీరు 23న రండి. సోమవారం కావడం మీ అదృష్టం, ఎందుకో కింద చెప్తాను.

ప్రాగ్ ప్రధాన స్టేషన్ హ్లవ్నీ నాద్రజీ నుంచి నేరుగా రైలుంది, రెండుంబావు గంటలు. వచ్చేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. ముందు వల్తావా, తర్వాత ఎల్బే (చెక్ వాళ్లు లాబె అంటారు), దారంతా నది మీ పక్కనే. సరిహద్దు దాటాక ఇసుకరాయి కొండలు నిలువునా లేస్తాయి. రాటెన్ దగ్గర తలెత్తితే శిఖరాల మధ్య బాస్టై రాతి వంతెన కనిపిస్తుంది. పాస్‌పోర్టులు, అసలు వీసా కాగితాలు దగ్గరుంచుకోండి. రెండు దేశాలూ షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) లోపలే అయినా జర్మనీ పోలీసులు 2023 నుంచి ఈ సరిహద్దులో తనిఖీ చేస్తున్నారు, రైలెక్కి అడుగుతారు.

స్టేషన్ నుంచి మార్కెట్‌కి ప్రాగర్ ష్ట్రాసె మీదుగా చదునుగా పావుగంట నడక. మార్కెట్ పేరు ష్ట్రీట్సెల్‌మార్క్ట్, 1434లో మొదలైంది. ఎండు ద్రాక్ష, బాదం వేసి పైన పంచదార పొడి చల్లిన ష్టోలెన్ అనే రొట్టె ఈ ఊరి ప్రత్యేకత. దాన్ని పొత్తిళ్లలో చుట్టిన బాలయేసు అంటారు. వెన్న దండిగా ఉంటుంది. అమ్మగారి కోసం కొనేముందు గుడ్డు ఉందో లేదో అడగండి.

ఇక అసలు సంగతి. ఇక్కడి రాజకోటలో గ్రీన్ వాల్ట్ అనే ఖజానా ఉంది, మంగళవారం సెలవు. మీరు సోమవారం వస్తున్నారు కదా. అందులో 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం ఉంది, డ్రెస్డెన్ గ్రీన్ అంటారు. అది మన కొల్లూరు గనిది అని నిపుణులు భావిస్తారు. పల్నాడులో కృష్ణ ఒడ్డున, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్న కొల్లూరే. నేలలోని సహజ రేడియేషన్ తగిలి దానికా రంగు వచ్చింది. 1742లో సాక్సనీ పాలకుడు దాన్ని లైప్‌జిగ్ సంతలో ఒక డచ్చి వర్తకుడి దగ్గర కొన్నాడు. 2019 నవంబర్‌లో ఇక్కడ దొంగలు పడి నగలు ఎత్తుకుపోయారు, చాలావరకు 2022లో దొరికాయి. ఈ వజ్రం మాత్రం ఆ సమయానికి ప్రదర్శన కోసం న్యూయార్క్ వెళ్లి ఉంది, అలా బతికిపోయింది.

అదే కోటలో ఔరంగజేబు పుట్టినరోజు దర్బారు అని ఒక బొమ్మల కొలువు ఉంది. డింగ్లింగర్ అనే కంసాలి 1701 నుంచి 1708 వరకు చేశాడు. వందకు పైగా బుల్లి బంగారు మనుషులు, ఏనుగులు, వేల వజ్రాలు. చేసినవాడు ఢిల్లీ మొహం చూసి ఎరగడు. మీ పాప అక్కడి నుంచి కదలదు, చూడండి. ఈ రెండూ న్యూ గ్రీన్ వాల్ట్‌లో ఉన్నాయి. హిస్టారిక్ గ్రీన్ వాల్ట్ వేరే, దానికి టైము రాసిన టికెట్ కావాలి. రెండూ కలిపి గందరగోళపడకండి.

పెన్నా తీరం | అక్టోబర్ 7, రాత్రి 8:20

మా అమ్మ పుట్టిల్లు సత్తెనపల్లి! ఇది చదివి వినిపిస్తే "మార్కెట్ లేకపోయినా పర్లేదు, అది చూపించు" అంటోంది. 23 డ్రెస్డెన్ ఖాయం.

మరి ఎముకల చర్చికి అమ్మని తీసుకెళ్లొచ్చా? పాప భయపడుతుందా?

బెల్లం జిలేబి | అక్టోబర్ 7, రాత్రి 9:05

పిల్లలకంటే పెద్దవాళ్ల గురించే ఆలోచించండి. మా వాడు ఏడేళ్లప్పుడు కళ్లు ఇంతలు చేసుకుని పుర్రెలు లెక్కపెట్టాడు. మా అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయి "ఇది చూస్తే స్నానం చెయ్యాలి" అన్నారు. అయినా లోపలికి వచ్చారు. హోటల్‌కి చేరగానే తలస్నానం. ఆ చలిలో!

నిదానమే | అక్టోబర్ 8, ఉదయం 6:30

రిటైరైన చరిత్ర మాస్టర్ని, మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు ఈ ఊళ్లన్నీ నిదానంగా చూశాను. కుత్నా హోరా గురించి చెప్పాలనిపించింది.

ఎముకల చర్చి ఉన్నది సెద్లెట్స్ అనే పేటలో. 1278లో అక్కడి మఠాధిపతి యెరూషలేము వెళ్లి, ఏసును శిలువ వేసిన గొల్గొతా మట్టి తెచ్చి ఈ శ్మశానంలో చల్లాడని చెప్తారు. కాశీలో పోతే చాలు అనుకుంటామే మనవాళ్లం, అలా అందరూ అక్కడే పూడ్చమన్నారు. తర్వాతి శతాబ్దంలో ప్లేగు, ఆ తర్వాత హుస్సైట్ యుద్ధాలనే మత యుద్ధాలు. చోటు చాలక పాత ఎముకలు తవ్వి పేర్చారు. 1870లో ఫ్రాంటిషెక్ రింట్ అనే వడ్రంగి వాటితో షాండ్లియర్, ఆ ఎస్టేటు యజమానులైన ష్వార్జెన్‌బర్గ్ వంశం చిహ్నం చేసి, గోడ మీద తన సంతకం కూడా ఎముకలతోనే పెట్టాడు. కనీసం 40 వేల మంది ఎముకలు. అందుకే 2020 నుంచి లోపల ఫోటోలు తీయనివ్వడం లేదు. పుర్రెలతో సెల్ఫీలు దిగేవాళ్లు ఎక్కువైపోయారు మరి.

కానీ ఆ ఊరంటే ఎముకలే కాదు. కింద వెండి గనులు. 1300 నుంచి ఇక్కడ ముద్రించిన ప్రాగ్ గ్రోషెన్ నాణేలు యూరప్‌లో చాలాచోట్ల చెల్లేవి. గని కార్మికులు తమ దేవత సెయింట్ బార్బరాకి 1388లో గుడి మొదలుపెట్టారు. డబ్బు ఉన్నప్పుడు కట్టి, లేనప్పుడు ఆపి, చివరికి 1905లో పూర్తిచేశారు. లోపల గోడల మీద దేవదూతలతో పాటు నాణేలు కొట్టే కూలీల బొమ్మలు కూడా ఉన్నాయి. నాకైతే ఎముకలకంటే అదే గుర్తుండిపోయింది.

తెరెజీన్ ఈసారికి వదిలేయండి. నాజీలు యూదుల్ని నిర్బంధించిన ఊరు అది. దాదాపు 33 వేల మంది అక్కడే చనిపోయారు, అంతకు రెండింతలకు పైగా జనాన్ని తూర్పున చంపే శిబిరాలకి పంపారు. ఆరేళ్ల పాపతో, పండగ రోజు చూసే చోటు కాదు. మీకు చూడాలనుంటే ప్రాగ్‌లో పింకాస్ సినగాగ్ అనే యూదుల ప్రార్థనా మందిరానికి వెళ్లండి. తెరెజీన్‌లో ఉంచిన పిల్లలు వేసిన బొమ్మలు అక్కడ ఉంటాయి. శనివారం తెరవరు.

పెన్నా తీరం | అక్టోబర్ 8, ఉదయం 8:10

ధన్యవాదాలు మాస్టారూ. ఎముకల చర్చి అమ్మ ఇష్టానికే వదిలేస్తాను. 26న పెట్టుకోవచ్చా?

ప్రాహా పాతకాపు | అక్టోబర్ 8, ఉదయం 8:45

పెట్టుకోండి. రైల్లో గంట. కుత్నా హోరా మెయిన్ స్టేషన్ నుంచి సెద్లెట్స్‌కి పది నిమిషాల నడక. టికెట్ చర్చి గుమ్మం దగ్గర ఇవ్వరు, కొంచెం అవతల సమాచార కేంద్రంలో ముందే తీసుకోవాలి. చాలామంది గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తారు. బార్బరా గుడి ఊరికి అటు చివర, మోకాళ్ల నొప్పితో నడిపించకండి, లోకల్ బస్సో టాక్సీయో చూసుకోండి.

24 గురించి: ఇక్కడ అసలు పండగ 25 కాదు, 24 సాయంత్రమే. పెద్ద షాపులు మధ్యాహ్నం 12కి మూసెయ్యాలని చట్టం. 25, 26 కూడా మూతే. పాలు, పెరుగు, బ్రెడ్ 23నే కొనిపెట్టుకోండి. 24 పొద్దున పాపని వీధి చివర చేపల తొట్ల దగ్గరికి తీసుకెళ్లండి. పండగ భోజనంలో కార్ప్ చేప తప్పనిసరి, బతికిన చేపలు తొట్లలో అమ్ముతారు. కొందరు ఇంటికి తీసుకెళ్లి బాత్ టబ్‌లో వదుల్తారు. తర్వాత పిల్లలు దానికి పేరు పెట్టేసి కొయ్యనివ్వరు! పాత ఊరి కూడలిలో మార్కెట్ మాత్రం జనవరి 6 దాకా ఉంటుంది, కంగారేం లేదు.

డబ్బు: యూరోకి సుమారు 25 కొరునాలు. నడిబొడ్డున ఉన్న మనీ ఛేంజ్ కౌంటర్లకి దూరంగా ఉండండి. పొరపాటున మోసపోతే రసీదు పారేయకండి. 2019 నుంచి చట్టం ఉంది, మూడు గంటల్లోపు వెనక్కి వెళ్తే మార్పిడి రద్దు చెయ్యాల్సిందే.

బెల్లం జిలేబి | అక్టోబర్ 8, ఉదయం 10:00

తిండి! ఎవరూ చెప్పలేదు. "బెజ్ మసా" అంటే మాంసం లేకుండా. కానీ ఒకచోట అలా చెప్పి వెల్లుల్లి సూప్ తెప్పిస్తే అందులో హ్యామ్ ముక్కలు తేలాయి. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు కాబోలు. స్మజెనీ సీర్ అని చీజ్ వేపుడు అన్నిచోట్లా ఉంటుంది, పైపొరకి గుడ్డు వాడతారు కాబట్టి మీ అమ్మగారికి కుదరదు. బ్రాంబొరాక్ అంటే బంగాళాదుంప అట్టు, అందులోనూ తరచుగా గుడ్డే. అందుకే వాదన లేకుండా పులిహోర కలిపి డబ్బాలో పట్టుకెళ్లండి. చలికి రెండు రోజులైనా పాడవదు. రైల్లో మూత తీయగానే ఎదుటి సీటు ముసలాయన "ఏంటది" అని అడిగితే కొంచెం పెట్టాం, ఎండుమిరపకాయ కొరికేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు పాపం.

ఓరుగల్లు బాటసారి | అక్టోబర్ 8, మధ్యాహ్నం 1:20

పాప మంచు సంగతి ఎవరూ తేల్చలేదు. ప్రాగ్‌లో డిసెంబర్ మంచు లాటరీ లాంటిది, తుంపరే ఎక్కువ. ఖాయంగా కావాలంటే క్రకొనొషె కొండలకి పోవాలి, 1603 మీటర్ల స్నెజ్కా శిఖరం అక్కడే. కానీ పోను మూడు గంటలు. మళ్లీ అన్న నన్ను తిడతాడు.

ప్రాహా పాతకాపు | అక్టోబర్ 8, మధ్యాహ్నం 1:31

తిట్టను. పెద్దవాళ్లని హోటల్లో ఉంచి 25న తండ్రీకూతుళ్లు వెళ్లొస్తామంటే నేనేం అనను. కాకపోతే పండగ రోజు బస్సులు తక్కువ, ముందే టైములు చూసుకోవాలి.

పెన్నా తీరం | డిసెంబర్ 30, రాత్రి 9:15

వచ్చేశాం. చెప్తానన్నాను కదా.

డ్రెస్డెన్ సూపర్ హిట్. కుడి కిటికీ దొరికింది, కానీ పొగమంచు. బాస్టై వంతెన నాకు కనిపించలేదు, పాప కనిపించిందంటుంది. ఆకుపచ్చ వజ్రం దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. "మన కృష్ణ ఒడ్డు రాయి ఇంత దూరం వచ్చింది, నేను ఆ మార్కెట్ దాకా నడవలేనా" అంది. నడిచింది కూడా. పాప ఔరంగజేబు ఏనుగుల దగ్గర పావుగంట. ష్టోలెన్ నాన్న ఒక్కరే సగం తినేశారు.

24న చేపల తొట్ల దగ్గర నాన్న తూకం చూసి, ధర చూసి, "మన పులస ధర ముందు ఇదెంత" అన్నారు. అదే రోజు నన్ను అడక్కుండా ఒక కౌంటర్లో వంద యూరోలు మార్చారు, చేతికి వచ్చింది దారుణం. రసీదు జేబులోనే ఉంది. పాతకాపు గారి మాట గుర్తొచ్చి గంటలోపే వెళ్లి చట్టం పేరెత్తాను. మొహం మాడ్చుకుని ఇచ్చేశాడు. మీకు ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

26 కుత్నా హోరా. అమ్మ ఎముకల చర్చి లోపలికి రాలేదు, బయట బెంచీ మీద కూర్చుంది. నాన్న వెళ్లి వచ్చి ఏం మాట్లాడలేదు. బార్బరా గుడిలో మాత్రం ఇద్దరూ హాయిగా తిరిగారు. స్నానం విషయంలో జిలేబి గారూ, అక్షరాలా మీరు చెప్పినట్టే, బయట కూర్చున్నావిడ కూడా.

27 కార్లోవీ వారీ. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. బస్సు రెండుంబావు గంటలు. చలిలో వేడినీటి బుగ్గల ఆవిరి వీధంతా కమ్ముకుని ఉంది. వ్ర్షీద్లో అనే పెద్ద బుగ్గ 73 డిగ్రీల నీళ్లు చిమ్ముతుంది. ముక్కు ఉన్న పింగాణీ కప్పు కొనుక్కుని, ఒక్కో కుళాయి దగ్గరా కొంచెం కొంచెం తాగుతూ నడవాలి. ఉప్పగా, ఇనుప రుచి. పాప ఉమ్మేసింది. అమ్మ మూడు కప్పులు తాగింది, మోకాళ్లకి మంచిదని తనకి తనే తీర్మానించుకుంది.

మంచు పడలేదు. ఒక్క రోజూ పడలేదు. పాప విమానంలో ఏడ్చింది. కొండలకి వెళ్లే ధైర్యం నేను చెయ్యలేకపోయాను.

ఓరుగల్లు బాటసారి | డిసెంబర్ 30, రాత్రి 9:40

అదొక్కటి బాధగా ఉంది అన్నా. పాపకి నా తరఫున సారీ చెప్పు.

కొత్త సభ్యురాలు 77 | జనవరి 19, సాయంత్రం 5:05

ఇదంతా చదివాను, చాలా ఉపయోగపడింది. మేం ఫిబ్రవరి రెండో వారం వెళ్తున్నాం, ఇద్దరమే. కార్ల్‌ష్టెయిన్ పెట్టుకోవచ్చా?

ప్రాహా పాతకాపు | జనవరి 19, సాయంత్రం 6:30

రైల్లో నలభై నిమిషాలే, స్టేషన్ నుంచి ఎత్తుమీదికి నడక. ఇక్కడి రాజు నాలుగో చార్లెస్ 1348లో మొదలుపెట్టిన కోట, బయటి నుంచి చూడ్డానికి అద్భుతం. కానీ అందరూ చెప్పే హోలీ క్రాస్ ప్రార్థనా మందిరం చలికాలంలో చూపించరు. ఫిబ్రవరిలో కోట ఏయే రోజులు తెరుస్తారో వాళ్ల సైటులో చూసుకునే కదలండి. ఇద్దరే అంటున్నారు కాబట్టి, బాటసారి తమ్ముడు వచ్చి చెప్పేలోపు నేనే చెప్తాను: చెస్కీ క్రుమ్లోవ్ వెళ్లండి, ఒక రాత్రి ఉండండి.

పెన్నా తీరం | జనవరి 19, రాత్రి 8:50

అమ్మ ఆ ముక్కు కప్పు నెల్లూరు పట్టుకెళ్లిందండీ. ఇప్పుడు మిరియాల కషాయం అందులోనే తాగుతోందట. మీరు కొనేటప్పుడు రెండు కొనండి, నాన్న తనకి కొనలేదని ఇంకా అంటున్నారు.